పురిటి గది – అనుమతి పత్రము

ప్రసవము స్త్రీకి పునర్జన్మ వంటిదని మన పెద్దలు అంటూ వచ్చారు. మాట గొప్పదే. హిందువుల ఇండ్లలోను, మన ముస్లిముల ఇండ్లలోను, ఉయ్యూరు చెరకు తోటలలో కూలికి పోయేవారి పాకలలోను ఈ మాట ఒక్క తీరుగానే వినబడుతుంది. అయితే ఆ పునర్జన్మ ఏ గదిలో జరుగుతున్నది, ఆ గదిలో ఆమెను ఎవరు ఏ మాటతో పలకరిస్తున్నారు, ఆమె శరీరము మీద కత్తి పెట్టబోయే ముందు ఆమెను ఎవరైనా ఒక్క మాట అడుగుతున్నారా అను విషయము మాత్రము మనము మాట్లాడము. కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి సంగతి వ్రాయవచ్చునా అని మేమును కొంత తటపటాయించాము.

గత సంవత్సరము తెలుగు తరగతిలో ‘తల్లి’ అను అంశముపై వ్యాసము వ్రాయమని చెప్పగా, ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె తన అక్క కాన్పును గురించి నాలుగు పుటలు వ్రాసి, చివర పెన్సిలుతో ‘సార్, దీనిని పైకి చదవవద్దు’ అని వ్రాసి ఇచ్చినది. మేము పైకి చదవలేదు. ఇక్కడ కూడ ఆమె మాటలు వాడుటలేదు. కానీ ఆ నాలుగు పుటలు చదివిన తరువాత, మా ఇంటి సంగతి మేము దాచుకొని కూర్చొనుట న్యాయము కాదని తోచినది.

తొలి కాన్పు పుట్టింటివారిది గదా. మా చెల్లెలు ఏడవ నెలలోనే మా ఇంటికి వచ్చినది. మా బావగారు కువైట్‌లో ఉద్యోగములో ఉన్నారు. రెండేండ్లు దాటినది ఇది జరిగి. మగ్రిబ్ వేళ నొప్పులు ప్రారంభము కాగా ఆటోలో ఒక వైద్యశాలకు తీసికొని పోయాము. అది ప్రభుత్వానిదా, ప్రైవేటువారిదా, ఏ ఊరిదో ఇక్కడ చెప్పుట మా ఉద్దేశము కాదు. చెప్పినచో చదువరులు ఆ ఒక్క చోటును తిట్టి, తమ ఊరి వైద్యశాల మంచిదేనని తృప్తి పడతారు.

మా అమ్మ నలుగురు బిడ్డలను కన్న మనిషి. ఆమెను లోపలికి రానివ్వలేదు. తలుపు బయట బల్లమీద మేమిద్దరము కూర్చున్నాము. ఆ తలుపు సరిగా మూతపడదు. లోపలి మాటలన్నీ బయటికి వినబడుతున్నవి. బురఖాను చూచి ఒక ఆయా ‘ఈ నల్లసంచి తీసి అవతల పారెయ్’ అన్నది. కొంతసేపటికి మా చెల్లెలు గట్టిగా అరచినది. ‘నోరు మూసుకో. మీవాళ్ళకి ఇది అలవాటేగా, ఏడాదికొకరిని కంటూనే ఉంటారు’ అని ఇంకొక గొంతు. మా చెల్లెలికి అది తొలి కాన్పు. అటుపై అన్న మాటను అచ్చులో పెట్టుటకు మా కలము వెనుకాడుతున్నది. కానీ పెట్టకపోతే విషయము అర్థము కాదు. ‘మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?’ అన్నది ఆ గొంతు. ఆ వెంటనే చెంపదెబ్బ వంటి చప్పుడు. అది చెంప మీద కాదు, తొడ మీద. నాలుగు వ్రేళ్ళ గుర్తులు మరునాడు మా అమ్మ చూచినది. లోపల మూడు బల్లలు ఉన్నవట. మధ్య తెరలు లేవు. వార్డుబాయి రెండుసార్లు అటూ ఇటూ నడచి పోయినాడట.

రాత్రి రెండు గంటలకు ఒక నర్సు కాగితము ఒకటి తెచ్చి, ‘ఆపరేషన్ చెయ్యాలి, సంతకం పెట్టండి’ అన్నది. ఎందుకని అడిగాము. ‘అవన్నీ డాక్టరుగారు చెబుతారు, ముందు పెట్టండి, ఆలస్యమైతే మాది పూచీ కాదు’ అన్నది. కాగితము ఇంగ్లీషులో ఉన్నది. మేము సంతకము పెట్టాము. చదవలేదు.

ప్రతి సంవత్సరము పరీక్షల నాడు హాలులో నిలబడి ‘ప్రశ్నపత్రము రెండుసార్లు చదివిన తరువాతనే కలము పట్టండి’ అని విద్యార్థులకు చెప్పేవారము మేమే. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టము పుచ్చుకొన్న మాకు ఆ రాత్రి ఒక్క పుట చదువుటకు ధైర్యము చాలలేదు. బిడ్డ క్షేమముగా పుట్టినది. మేము మిఠాయి పంచాము. మా చెల్లెలు నెల తరువాత ఒకనాడు బిడ్డకు పాలిస్తూ అన్నది: ‘నన్నెవరూ అడగలేదు భాయ్‌జాన్. నేను మేలుకొనే ఉన్నాను. ఆ కాగితము నాకెందుకు చూపలేదు?’ ఆమె తెలుగు చదవగలదు, ఉర్దూ చదవగలదు. సంతకము పెట్టిన బల్లకు ఆమె పడుకొన్న బల్లకు మధ్య పదిహేను అడుగుల దూరము కూడ లేదు.

ఆ శస్త్రచికిత్స అనవసరమని మేము అనుటలేదు. అవసరమే అయి ఉండవచ్చును. వైద్యము తెలియనివారము, ఆ విషయమున తీర్పు చెప్పుటకు మాకు అధికారము లేదు. మా ఫిర్యాదు వేరు. అవసరమైనప్పటికి ఆమెకు చెప్పలేదు. అవసరము లేనప్పటికి కూడ చెప్పి ఉండేవారు కాదు. రెంటికి తేడా తెలిసికొనే మార్గము మాకు మిగలలేదు.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన అవలక్షణమా అంటే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 సెప్టెంబరులో, వైద్యశాలలలో ప్రసవించే స్త్రీల పట్ల అగౌరవమును, దౌర్జన్యమును నివారించవలెనని ప్రత్యేకముగా ఒక ప్రకటన చేయవలసి వచ్చినది. ఘానా, గినీ, నైజీరియా, మయన్మార్ దేశములలో 2,016 మంది స్త్రీలను ప్రసవ సమయమున పరిశీలించగా, 838 మంది తిట్లో దెబ్బలో వివక్షయో అనుభవించినట్లు తేలిన ఒక అధ్యయనము 2019లో వెలువడినది. వెనెజువేలా దేశము 2007లోనే దీనికి ‘ప్రసూతి హింస’ అని పేరు పెట్టి చట్టములోకి ఎక్కించినది. పేరు పెట్టుట చిన్న పని కాదు. పేరు లేని బాధను ఎవరికి చెప్పుకొన్నా ‘అందరికీ అట్లాగే జరుగుతుందిలే అమ్మా’ అను సమాధానమే వస్తుంది. మా చెల్లెలికి మా ఇంటిలోనే వచ్చినది.

ఇక్కడ కొంత వెనుకటి చరిత్ర చెప్పవలసి ఉన్నది. విశాఖపట్టణములోని విక్టోరియా ఆసుపత్రిని ఈనాటికి జనము ‘ఘోషా ఆసుపత్రి’ అంటారు. ఘోషా అంటే పరదా. మద్రాసులో 1885లో ఇటువంటిదే ఘోషా స్త్రీలకు, అగ్రకుల స్త్రీలకు అని పేరు పెట్టి ఒక ఆసుపత్రి వెలసినది. దాని భవనములకు మన వెంకటగిరి రాజావారు విరాళమిచ్చారు. ఆ ఏడే లేడీ డఫ్రిన్ పేరిట దేశ స్త్రీలకు స్త్రీ వైద్య సహాయము సమకూర్చు సంఘము ఏర్పడినది. దానికి రెండేండ్ల ముందే, 1883లో, అన్నా కుగ్లర్ అను అమెరికన్ వైద్యురాలు గుంటూరు వచ్చి, ఇండ్లకు పోయి స్త్రీలకు మందులిచ్చి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టినది. కృష్ణకు ఆవలి ఒడ్డున ఆమె పేరుతో ఆ ఆసుపత్రి ప్రసిద్ధి పొందినది. ఈ సంస్థలన్నీ ఎందుకు పుట్టినవి? పరాయి పురుషుని ముందు శరీరమును చూపుటకంటె చచ్చిపోవుట మేలనుకొన్న స్త్రీలు, హిందువులు కానీ ముస్లిములు కానీ, ఆనాడు వేలకొలది ఉండేవారు కనుక. వారికి ఇచ్చిన మాట ఒక్కటే: అమ్మా, మీరు రండి, ఇక్కడ మీ మర్యాదకు లోటు ఉండదు. ఆ మాట నమ్మి మన ముత్తవ్వలు గడప దాటారు. కులము పేరుతో గదులు వేరు చేసిన ఆ పాత పద్ధతిని మేము మెచ్చుకొనుటలేదు. తెర కట్టవలెనను తలపు మాత్రము వారికి ఉండినది.

తరువాతి కాలములో మన బెజవాడలోనే డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు ప్రసూతి వైద్యురాలిగా పేరు గడించారు. ప్రసూతిని, శిశుపోషణను గురించి తెలుగులో పుస్తకము వ్రాశారు. 1957లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. తన శరీరములో ఏమి జరుగుతున్నదో తన భాషలో తెలిసికొనే హక్కు సామాన్య స్త్రీకి ఉన్నదని భావించినందుననే గదా ఆ పుస్తకము తెలుగులో వచ్చినది! ఆ తరము వైద్యులు తెలుగులో వ్రాశారు. ఈ తరములో అనుమతి పత్రము మాత్రము ఇంగ్లీషులో నిలిచిపోయినది.

మంత్రసానుల కాలమే మేలని చెప్పుటకు మేము ఇది వ్రాయుటలేదు. అటువంటి మాటలు చెప్పేవారు ఇటీవల కొందరు బయలుదేరారు. మా నాయనమ్మ ఏడుగురిని కని ముగ్గురిని మట్టిలో పెట్టినది. ఆమె అక్క పురిటి జ్వరముతో పోయినది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 మందికి పైగా వైద్యశాలలలోనే ప్రసవిస్తున్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. 2005లో వచ్చిన జననీ సురక్ష పథకము, ఆ ఏడే ప్రారంభమైన 108 బండ్లు, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తలు దీనికి కారణము. 2018–20 లెక్కల ప్రకారము లక్ష కాన్పులకు దేశములో 97 మంది తల్లులు మరణించగా మన రాష్ట్రములో 45 మంది. ఇది వైద్యుల గొప్పతనము. కాదనువారము కృతఘ్నులము అవుతాము. అయితే ఒకటి గమనించవలెను. ఇంటి వద్ద కనే దారి మూతపడిన తరువాత వైద్యశాలలో అవమానము ఎదురైన స్త్రీ ఎక్కడికి పోవలెను? వెనుకటి ఘోషా స్త్రీ రానని మొరాయించగలిగినది. నేటి స్త్రీకి ఆ మొరాయింపు కూడ లేదు.

ఆ సర్వే పుటలలోనే ఇంకొక లెక్క ఉన్నది. దేశములో నూటికి సుమారు 21 కాన్పులు కోతతో జరుగుతుండగా, ఆంధ్రప్రదేశ్‌లో 42. ప్రైవేటు వైద్యశాలలు మాత్రమే తీసికొంటే 63. ప్రభుత్వ వైద్యశాలలలో సుమారు 27. తెలంగాణములో మొత్తము మీదనే 60 దాటినది. జనాభా మొత్తముపై నూటికి పది దాటిన తరువాత ఈ కోతల వలన తల్లీబిడ్డల మరణములు ఇంకను తగ్గిన జాడ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. మరి మిగిలినవి ఎందుకు? ముహూర్తము కొరకు కొన్ని; డబ్బు కొరకు కొన్ని; కోర్టు కేసుల భయముతో కొన్ని; నొప్పులు పడే స్త్రీ ప్రక్కన పది పన్నెండు గంటలు కూర్చొనే ఓపిక, మనిషి, రెండూ లేక మరికొన్ని. ముహూర్తము చూడని మన ఇండ్లలో కూడ ‘నొప్పులు పడనక్కరలేదు, అరగంటలో అయిపోతుంది’ అను మాట ఇప్పుడు వినిపిస్తున్నది. ఏ స్త్రీ అయినను అన్నీ తెలిసికొని కోతనే కోరుకొంటే అది ఆమె ఇష్టము. ఆ గదిలో భయపెట్టి, తిట్టి, కొట్టి, చివరకు ‘కోసెయ్యండమ్మా’ అని ఆమె చేతనే అనిపించినచో, అది ఇష్టము అనిపించుకొనునా?

గర్భసంచి విషయము కూడ ఈ కోవలోనిదే. 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయించుకొన్నవారు దేశములో నూటికి మూడు వంతులైతే, మన రాష్ట్రములో ఎనిమిది దాటినది. చేల పనికి పోయే స్త్రీలకు ముప్ఫై ఏండ్లకే ‘క్యాన్సరు వస్తుంది’ అని చెప్పి తీసివేసిన ఉదంతములు అనేకము. సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఇట్టి అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టవలసినదిగా రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. 2022 ఆగస్టులో హైదరాబాదు ప్రక్కన ఇబ్రహీంపట్నములో ఒక్క రోజున 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయగా నలుగురు తల్లులు మరణించిన సంగతి చదువరులు మరచి ఉండరు. ఇటువంటి శిబిరములు మూడేండ్లలో మాన్పించవలెనని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పి ఉన్నది.

మేము పెట్టిన సంతకము వద్దకు మరల వస్తాము. అది న్యాయస్థానము దృష్టిలో ఏపాటి విలువ గలదో తరువాత తెలిసికొన్నాము. 1995లో ఢిల్లీలో 44 ఏండ్ల అవివాహిత ఒకరు రక్తస్రావమునకు కారణము తెలిసికొనే పరీక్ష కొరకు ఒక వైద్యశాలలో చేరినది. మత్తుమందు ఇచ్చి పరీక్ష చేస్తూ, బయట కూర్చున్న ఆమె తల్లిని అడిగి, గర్భాశయమును అండాశయములను తొలగించారు. ఆమె న్యాయస్థానమునకు పోయినది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వయస్సు వచ్చి, బుద్ధి స్థిమితముగా ఉన్న రోగి శరీరము విషయమున అనుమతి ఇవ్వవలసినది ఆ రోగియే. మత్తులో ఉన్నంత మాత్రమున తల్లి అనుమతి చెల్లదు. ప్రాణమునకు తక్షణ ప్రమాదము ఉన్నప్పుడు తప్ప, రోగికి తెలివి వచ్చువరకు వైద్యుడు ఆగవలెను. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదు. ఇదీ తీర్పు సారాంశము. ఆమెకు ఇప్పించిన నష్టపరిహారము ఇరువది అయిదు వేల రూపాయలు. ఒక స్త్రీ అవయవములకు ఆ వెల ఏమిటో మాకు బోధపడలేదు; సూత్రము మాత్రము బోధపడినది. మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఇచ్చిన అనుమతియే చెల్లనప్పుడు, మేలుకొని ఉన్న చెల్లెలి తరఫున అన్న పెట్టిన సంతకము ఎట్లు చెల్లును?

పేదరికము, మతము, ఆడపుట్టుక ఒక్కచోట చేరినప్పుడు ఏమగునో చూపే తీర్పు వేరొకటి ఉన్నది. 2009లో ఢిల్లీలో ఒక నిరుపేద ముస్లిం స్త్రీ, ప్రసూతి కేంద్రములో చోటు దొరకక, చెట్టు క్రింద నలుగురి కన్నుల ఎదుట ప్రసవించినది. ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ మురళీధర్ 2010 జూన్ 4న తీర్పు చెబుతూ, ప్రసవ సమయమున వైద్యము పొందుట దయాధర్మము కాదని, రాజ్యాంగము 21వ అధికరణము క్రింద జీవించే హక్కులో భాగమని స్పష్టము చేశారు. ప్రభుత్వ పథకములున్నవి, డబ్బు ఉన్నది, వైద్యశాల ఉన్నది. ఆమె మాత్రము చెట్టు క్రిందనే ఉండిపోయినది.

వైద్యుల పక్షమున చెప్పవలసినది చాల ఉన్నది. ఒక రాత్రి ఇద్దరు నర్సులు పది మందిని చూడవలసి రావచ్చును. వారిలో ఒకరు ఒప్పంద ఉద్యోగిని. జీతము సకాలములో రాదు. ప్రక్క బల్ల మీద రక్తస్రావము ఆగని మనిషి ఉండగా ఈ బల్ల మీద అరుపులకు ఓర్పు తగ్గును. పైగా బయట మేము ఉంటాము, పదిమందిమి, కొట్టుటకు సిద్ధముగా. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో ప్రసవానంతర రక్తస్రావముతో ఒక తల్లి మరణించగా, జనము గుమిగూడి గొడవ చేసి హత్య కేసు పెట్టించినందున ఆ వైద్యురాలు ప్రాణము తీసికొన్నది. హక్కు అనగా రాయి విసరుట కాదు. వైద్యశాలలపై దాడులను శిక్షించుటకు మన రాష్ట్రములో 2008 నుండి చట్టము ఉన్నది, ఉండవలసినదే.

అయినను ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. పని భారము వలననే నోరు జారునట్లయితే అందరి మీదా సమానముగా జారవలెను గదా! తహసీల్దారుగారి భార్య మీద జారదు. డాక్టరుగారి మరదలి మీద జారదు. చేతికి మట్టి అంటుకొన్నవారి మీద, బురఖా వేసికొన్నవారి మీద, మాలమాదిగ వాడల నుండి వచ్చినవారి మీద, నాలుగవ కాన్పు వారి మీద మాత్రమే జారుతున్నది. మనిషిని చూచి జారే నోరు అలసిపోయిన నోరు కాదు.

తప్పు మనవైపు లేదా? ఉన్నది. ఆ రాత్రి తలుపు బయట కూర్చున్నది మేము. ఆ మాటలన్నీ విన్నది మేము. లేచి తలుపు తట్టి ‘అమ్మా, ఆ మాట అనవద్దు’ అని మర్యాదగా అనవచ్చును. అనలేదు. అంటే లోపల మా చెల్లెలికి ఏమి చేస్తారోనను భయము. ఈ భయము నిజమైనదే. కానీ దానితో కలిసి ఇంకొకటి ఉన్నది: ఇది ఆడవారి వ్యవహారము, మగవాడు తల దూర్చకూడదను సంకోచము. మన ఇండ్లలో దీనిని హయా అంటాము. హయా అనగా సిగ్గు, మర్యాద. తెర లేని గదిలో మా చెల్లెలిని పడుకోబెట్టి, వార్డుబాయిని నడవనిచ్చినప్పుడు భంగపడవలసిన హయా భంగపడలేదు. ఆ సంగతి పైకి మాట్లాడుటకు వచ్చునప్పటికి మాత్రము అడ్డము వచ్చినది. మా అమ్మ సైతము ‘బిడ్డ దక్కినాడు, అల్లాకు షుకర్, ఇక ఆ మాటలు ఎత్తవద్దు’ అన్నది. ఆమె కాన్పులలో ఆమె పడినవి ఆమె ఎన్నడు ఎవరికి చెప్పినది గనుక!

నిజమునకు చేయవలసినదంతయు కాగితము మీద ఉన్నది. కాన్పు సమయమున తోడుగా ఒక స్త్రీని, అందును కాన్పు అనుభవము గల స్త్రీని, ప్రభుత్వ వైద్యశాలలలో లోపలికి అనుమతించవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో చెప్పినది. నలుగురిని కన్న మా అమ్మ బల్ల మీద కూర్చున్నది దాని తరువాతనే. 2017 డిసెంబరులో ‘లక్ష్య’ అను పేరుతో ప్రసూతి గదుల మెరుగుదలకు పథకము వచ్చినది; గౌరవము, చాటు, తోడు అందులో ప్రధానములు. అలవాటుగా ప్రతివారికి క్రింద కోత పెట్టుట, బిడ్డ రావలెనని పొట్టపై నొక్కుట కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. తెలంగాణములో 2017 నుండి కరీంనగర్‌లో నర్సులకు ప్రత్యేక ప్రసూతి శిక్షణ ఇచ్చి, తొందరపడక తల్లి ప్రక్కన నిలబడేవారిని తయారు చేయుటకు పూనుకొన్నారు. వైద్య విద్యార్థులకు రోగితో మాట్లాడే తీరును పాఠముగా 2019 నుండి చేర్చారు. మచిలీపట్నములో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరచినారు. దివిసీమ, గుడివాడ, ఉయ్యూరుల పిల్లలు అక్కడ చదివి రేపు ఈ గదులలోనే నిలబడతారు. ఆ పాఠము వారికి నిజముగా చెబుతున్నారా అని అడుగుటకు మనకు అర్హత ఉన్నది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో పదిహేడు హక్కులతో రోగుల హక్కుల పత్రము తయారు చేసినది. తనకు తెలిసిన భాషలో తన స్థితిని, చికిత్సను తెలిసికొనుట. అనుమతి ఇచ్చుట, నిరాకరించుట. పురుష వైద్యుడు పరీక్షించునప్పుడు ప్రక్కన మరొక స్త్రీ ఉండుట. మతము, కులము, రోగము చూచి వివక్ష చేయకుండుట. వేరొక వైద్యుని అభిప్రాయము పొందుట. కేసుషీటు నకలు పొందుట. బిల్లు తగాదాతో రోగిని కానీ శవమును కానీ ఆపి ఉంచకుండుట, ఇవన్నీ అందులో ఉన్నవి. డబ్బు తీసికొని చేసే వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినది. జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు ఇచ్చుటకు రెండేండ్ల గడువు, వకీలు లేకయే ఇవ్వవచ్చును. అందరికీ ఉచితముగా చూచే ప్రభుత్వ వైద్యశాలలు ఆ చట్టము క్రిందికి రావు. అక్కడ సూపరింటెండెంటుకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, ఆపైన మానవ హక్కుల కమిషన్‌కు వ్రాసుకొనవలెను.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒకటి. ఈ హక్కుల పత్రమును ఒక పుటలో తెలుగున, వెనుక పుటలో ఉర్దూలో అచ్చు వేయించి చివరి సంవత్సరపు విద్యార్థులకు ఇవ్వవలెను. ఉర్దూ శాఖవారు అనువాదమునకు ఒప్పుకొన్నారు; తెలుగు మేము చూచుకొంటాము. వేయి ప్రతులకు అగు ఖర్చు వార్షికోత్సవపు పూలదండల ఖర్చును మించదు. ఒక వైద్యురాలిని, ఒక న్యాయవాదిని పిలిచి ఒక మధ్యాహ్నము మాట్లాడించవలెను. ఆ సభకు విద్యార్థినులనే పంపితే చాలుననే సూచన ఇప్పటికే వచ్చినది. మేము అంగీకరించము. తలుపు బయట కాగితముపై సంతకము పెట్టేది అబ్బాయిలు. వారే ముందు వరుసలో కూర్చొనవలెను.

మా విషయము చెప్పి ముగిస్తాము. వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చిన రెండేండ్ల గడువు మా సిగ్గులోనే గడచిపోయినది. వైద్యులు కేసుషీట్లను మూడేండ్లు భద్రపరచవలెనని, అడిగిన 72 గంటలలో నకలు ఇవ్వవలెనని 2002 నాటి వైద్య మండలి నిబంధనలలో ఉన్నది. మూడేండ్లు ఇంకను నిండలేదు. మా చెల్లెలు తెలుగులో ఒక ఉత్తరము వ్రాసి, తానే సంతకము పెట్టి, స్పీడుపోస్టులో పంపినది. ఈ వ్యాసమును అచ్చుకు ఇచ్చునాటికి పదకొండు దినములు గడచినవి. జవాబు రాలేదు. రెండవ ఉత్తరము వ్రాస్తున్నది.